ఊరంతా ఒకే చేతిరాత

2024 మే 13న నాకు పోలింగ్ డ్యూటీ పడింది. రాత్రి పొద్దుపోయాక యంత్రాలకు సీళ్ళు వేస్తున్నాం. కొవ్వొత్తి మంట మీద లక్క కడ్డీ కరిగి దారం ముడి మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఆ కాలిన లక్క వాసన తగలగానే చెయ్యి ఆగిపోయింది. పక్కనున్న కుర్ర టీచరమ్మ "ఏం సార్, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది. మా ఊరి బడిలో సాయంత్రం నాలుగయ్యేసరికి ఇదే వాసన వచ్చేదని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. బడిలో లక్కెందుకు సార్ అంది.

పెట్టెలు అప్పజెప్పే తొందరలో ఆరోజు పూర్తిగా చెప్పలేకపోయాను. ఆ బడిలో మాకు చదువు చెప్పిన అయివారు అప్పటికింకా ఉన్నారు. పోయిన కార్తీకంలో పోయారు.

*

మా ఊరు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం నుంచి లోపలికి, కనిగిరి రిజర్వాయరు కాలువ కింద. ఒకే అయివారి బడి. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ ఒకే గదిలో, గోడవారన వరసలుగా. బడి పంచలో ఒక మూల బల్ల, తాళమున్న చెక్కపెట్టె, గోడకు ఎర్ర డబ్బా. అది మా ఊరి పోస్టాఫీసు. పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసు పనిని బడి అయివారికి అప్పగించడం ఆ రోజుల్లో మామూలే. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అని దానికో పెద్ద పేరు. ఇచ్చేది చిన్న అలవెన్సు.

పొద్దున వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్కను గుండ్రాయితో కొట్టడంతో బడి మొదలయ్యేది. ప్రార్థన, హాజరు, తర్వాత ఎక్కాలు. పెద్ద తరగతి పిల్లోడొకడు ముందు చెబితే తక్కినవాళ్ళం గొంతులు చించుకొని అందుకునేవాళ్ళం. పదిహేనో ఎక్కం సగంలో ఉండగా దూరంగా సైకిలు గంట వినపడేది. టపా సంచీ వచ్చిందన్నమాట. అంతే, ఎక్కాలు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. అయివారు సంచీ సీలును నాలుగు వైపులా తిప్పి చూసి, దారం కోసి, బల్ల మీద కుమ్మరించేవారు. కార్డులు, ఇన్‌లాండు కవర్లు, ఎప్పుడైనా ఒక మనియార్డరు.

తేదీ ముద్ర ఉంటుంది చూడండి, దాంట్లో అంకెలూ నెలా రోజూ మార్చాలి. చిన్న చిన్న లోహపు ముక్కలు. ఆ పనికి ఐదో తరగతి పిల్లోణ్ణి పిలిచేవారు. అంకె తిరగబడి ఉంటుంది కాబట్టి అద్దంలో చూసినట్టు చదవాలి. ఇంగ్లీషు నెలల పేర్లు నాకు పుస్తకంలో రాలేదు, ఆ ముక్కల్లోనే వచ్చాయి. ముద్ర సరిగా బిగించామో లేదో ముందు పాత కాగితం మీద కొట్టి చూపించాలి. తర్వాత ఆయన మొదలుపెట్టేవారు. మసి దిండు మీద ఒకటి, కార్డు మీద ఒకటి, దిండు మీద ఒకటి, కార్డు మీద ఒకటి. ఆ రెండు దెబ్బల చప్పుడుకు మూడో తరగతి పిల్లలు తలలూపుతా కూడికలు చేసేవాళ్ళు.

సాయంత్రం సంచీ కట్టేటప్పుడు లక్క. "దూరంగా జరగండ్రా, చేతులు కాల్తాయి" అని అరిచినకొద్దీ మేం ఇంకా దగ్గరికి పోయేవాళ్ళం. నేల మీద రాలి గట్టిపడ్డ లక్క బొట్లు మాకు గోళీలకంటే విలువైన సొత్తు. ఐదు బొట్లకు ఒక జామకాయ లెక్కన మారేవి.

*

ఆయన రూపు కళ్ళకు కట్టించాలంటే ముందు నశ్యం డబ్బా చెప్పాలి. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, ముదురు అంచు పంచె, జేబులో గోధుమరంగు మరకల చేతిగుడ్డ. శనివారం మధ్యాహ్నం బోర్డుకు మసి పూసే రోజు. దొండాకు కోసుకురావడం ఆడపిల్లల పని, బొగ్గు నూరడం మగపిల్లల పని. ఆకు పసరు, బొగ్గు కలిపి రుద్దితే సోమవారానికల్లా బోర్డు నిగనిగలాడేది. మా పలకలకూ అదే పూత. నా చొక్కా మీద ఆ పసుపుపచ్చ మరకలు చూసి అమ్మ ప్రతి ఆదివారం అయివార్ని తిట్టేది. ఆయనకు వినపడకుండా తిట్టేదనుకోండి.

మధ్యాహ్నం ఉప్మా ఉండేది. కేర్ అనే అమెరికా సాయం సంస్థ వాళ్ళు పంపిన పచ్చటి పిండి, డబ్బాల్లో నూనె. సంచుల మీద ఇంగ్లీషు అక్షరాలు, రెండు చేతులు కలుపుకున్న బొమ్మ. వండేది ఒక అవ్వ. ఎప్పుడూ కాస్త అడుగంటేది. ఆ అడుగు మాడు కోసం కొట్టుకునేవాళ్ళం. అయివారు అందరి తర్వాత, మిగిలితే తినేవారు. మిగలకపోతే అయివారమ్మ పంపిన మజ్జిగ.

కొట్టేవారు. ఆ సంగతి దాచను. తొడపాశం పెడితే సాయంత్రానికి కమిలిపోయేది. గోడకుర్చీ వేయించి టపా పనిలో పడి మర్చిపోయిన రోజులున్నాయి. "అప్పట్లో దెబ్బలు తిన్నాం కాబట్టే బాగుపడ్డాం" అనే మా ఈడువాళ్ళ మాట నాకు ఒంటబట్టదు. దెబ్బలకు బడి మానేసినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళు ఇలాంటివి రాయరు కాబట్టి మనకు తెలియదు. రిటైరయ్యాక ఒకసారి ఆయనే అన్నారు, "బెత్తం వాడకుండా ఉండాల్సింది, ఓర్పు చాల్లేదబ్బయ్యా" అని. అంతకుమించి సంజాయిషీ చెప్పుకోలేదు.

*

మా బడిలో చదివినవాళ్ళలో సగం మంది జూలై 1న పుట్టినవాళ్ళమే. మిగతా సగం జూన్‌లో ఏదో ఒక తేదీ. పిల్లోణ్ణి తెచ్చి కూర్చోబెట్టే తల్లికి తేదీ ఎక్కడ తెలుస్తుంది? "పెద్ద గాలివాన వచ్చిన ఏడు సామీ, మా ఎర్రావు ఈనిన నెల" అని చెప్పేది. ఆయన కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోమనేవారు. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు. వెంటనే అడ్మిషన్ రిజిస్టరులో ఐదేళ్ళు వెనక్కి లెక్కేసి తేదీ రాసేవారు. నేను పుట్టింది కార్తీకమాసంలో. ఆఫీసులో ఇప్పటికీ జూలై 1న కేకు కోయిస్తారు. నోరు మూసుకొని కోస్తాను.

పేర్లూ అంతే. ఇంట్లో చంటోడు, బుడ్డోడు, నల్లమ్మ. బడికొచ్చేసరికి ఆయన నిండు పేరు రాసేవారు. చెరువుకట్ట కింద యానాదుల గుడిసెలు ఉండేవి. ఆ పిల్లలు కాలవల్లో ఎండ్రకాయలు పట్టుకుంటా తిరిగేవాళ్ళు. వాళ్ళను బడికి తెచ్చింది ఆయనే. పేరు రాసేముందు తల్లినడిగి, ఆవిడ కొలిచే దేవుడి పేరు కలిపి రాసేవారు. ఊళ్ళో కొందరికి మింగుడు పడలేదు. మంచినీళ్ళ కడవ దగ్గర గొడవయింది. మా పిల్లలు ఆ కడవలో నీళ్ళు తాగరని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. హాజరు పట్టీ తెరిచి చూపించి, "డిప్టీ ఇన్‌స్పెక్టరు వస్తుండాడు. పిల్లకాయలు ఇంతమంది లేకపోతే బడి ఎత్తేస్తామంటాడు. బడితోపాటు పోస్టాఫీసూ పోతుంది. మీ ఇష్టం" అన్నారు. బడి లేకపోయినా ఊరు ఓర్చుకునేదేమో గానీ పోస్టాఫీసు పోతే పక్కూరి ముందు తలెత్తుకోలేదు. మర్నాటి నుంచి గ్లాసు పట్టుకొని ఆయనే అందరికీ నీళ్ళు ముంచి పోసేవారు. మూడు నెలల తర్వాత గ్లాసు మా చేతికిచ్చేశారు. అప్పటికి ఆ గొడవ ఎవరికీ గుర్తు లేదు, గుర్తున్నవాళ్ళు పైకి చెప్పలేదు.

*

ఇవన్నీ ఇప్పుడు తలచుకుంటే ఒకటి తోస్తుంది. మా ఊరు కాగితం మీద ఎంతుందో అంతా ఆయన రాతే. పేరు, వయసు, ఉత్తరం, మనియార్డరు ఫారం, పెళ్ళి శుభలేఖ, రామాలయం చందాల పట్టీ. గుండ్రటి అక్షరాలు, తలకట్లు కొంచెం కుడికి వాలి. ఏ ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచినా ఆ చేతిరాతే కనపడుతుంది.

సాయంత్రం సంచీ పోయాక ఉత్తరాలు రాయించుకునేవాళ్ళు వచ్చేవాళ్ళు. పదిహేను పైసల కార్డు. "ఏం రాయమంటావమ్మణ్ణీ?" అంటే, "మేమందరం బాగుండాం అని రాయి సామీ" అనేవాళ్ళు. తర్వాత అన్నీ బాగాలేని సంగతులే. గేదె చచ్చిపోయింది, నారు ఎండిపోతుండాది, మామకు దగ్గు తగ్గలా. ఆయన అన్నీ విని, ముందు రాసిన "బాగుండాం"ను కొట్టెయ్యకుండా, తక్కిన కార్డులో ఇవన్నీ పట్టించేవారు. చివర్లో చదివి వినిపించేవారు. ఆ తర్వాత కొందరు కువైట్ పోయారు. ఏరోగ్రాములు వచ్చేవి, వాటిని ఎక్కడ చించాలో ఆయనకే తెలుసు. మొగుడు పెళ్ళాల మాటలుంటే మమ్మల్ని బయటికి పొమ్మనేవారు. మేం కిటికీ కింద నక్కేవాళ్ళం. అలాంటి చోట ఆయన గొంతు తగ్గించి, హాజరు పిలిచినట్టు ఏ రాగమూ లేకుండా చదివేసేవారు. ఎవరి గుట్టూ ఆయన నోట బయటపడిందని నేను వినలేదు.

ప్రామిసరీ నోటు రాయమంటే మాత్రం ఒక షరతు. వేలిముద్ర వేసేముందు అసలెంత, వడ్డీ ఎంత, ఏడాదికి ఎంతవుతుంది అని అప్పు తీసుకునేవాడికి మూడుసార్లు పైకి చదివేవారు. అప్పిచ్చేవాళ్ళకు ఇది నచ్చేది కాదు. అందుకని వాళ్ళు నోట్లకు కరణం ఇంటికి పోయేవాళ్ళు.

టెలిగ్రాము వస్తే బడి మధ్యలో వదిలేసి తనే పోయేవారు. నేరుగా ఆ ఇంటికి కాదు. ముందు పక్కింటి పెద్దమనిషిని పిలుచుకొని, ఆడవాళ్ళెవరైనా తోడున్నారో లేదో కనుక్కొని, అప్పుడు గడప దగ్గరికి. ఆయన చెప్పులు లేకుండా వీధిలో నడిచొస్తుంటే చూసినవాళ్ళ గుండెలు ఝల్లుమనేవి.

జనాభా లెక్కలూ ఆయనే. 1981 లెక్కలప్పుడు ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లూవాకిలీ లేనివాళ్ళను లెక్కపెట్టాలి. లాంతరు పట్టుకోవడానికి నన్ను తీసుకుపోయారు. కోతలయిన కయ్యల్లో బాతులు మేపేవాళ్ళు దిగి ఉన్నారు. వల కట్టిన దడిలో వందల బాతులు, ఒకటే రొద. నిద్రలేపి పేరు, ఊరు అడుగుతుంటే ఒక ముసలాయన "బాతుల్ని గూడా రాసుకుంటావా దొరా, పన్నేస్తారా?" అని బెదిరిపోయాడు. "బాతుల జోలికి రాం, నీ వయసు చెప్పు" అన్నారు అయివారు. ఆ ముసలాయనకు తెలియదు. చేతులు, పళ్ళు చూసి అరవై అని రాశారు. దారిలో నాతో, "నిజంగా యాభై కూడా ఉండవురా. ఎండకు అట్టా అయిపోయినాడు" అన్నారు. మరి అరవై ఎందుకు రాశారని అడగాలని అప్పుడు తోచలేదు.

*

ఆయన వయసూ ఇలాంటి లెక్కే. సెకండరీ గ్రేడు ట్రైనింగులో చేరడానికి ఈడు చాలకపోతే, వాళ్ళ అయివారు రెండేళ్ళు కలిపి రాశారట. అలా మద్రాసు రాష్ట్రం రోజుల్లో, జిల్లా బోర్డు బడిలో, మీసాలు రాకముందే ఉద్యోగం. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక సమితి అయివారు అయ్యారు.

1983లో ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. ఆ వేసవిలోనే ఆయనకు కాగితం మీద 55 నిండాయి. ఒంటికి 53. ముందు కలిసొచ్చిన రెండేళ్ళు ఇప్పుడు ఎదురు తిరిగాయి. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు కావాలి. బడి తెరిచిన రోజు పక్కూరి అయివారు వారానికి రెండు రోజులు వచ్చి పోవాలని ఉత్తర్వు వచ్చింది. మరి తక్కిన రోజులు? పోస్టాఫీసు ఎలాగూ పంచలోనే ఉంది కాబట్టి ఆయన రోజూ వచ్చేవారు. వచ్చి, సైకిలు గంట వినపడేదాకా పిల్లలకు ఎక్కాలు చెప్పించేవారు. హాజరు పట్టీలో సంతకం పెట్టడానికి లేదు, జీతం లేదు. "బాడుగ లేకుండా పంచలో కూచోనిస్తుండారు కదరా, దానికి చెల్లు" అనేవారు. అయివారమ్మ ఆ మాటకు లోపల్నుంచి గిన్నె గట్టిగా పెట్టేది.

1984లో వయసు మళ్ళీ 58 చేశారు. మధ్యలో ఇంటికి పోయినవాళ్ళ సంగతి సుప్రీంకోర్టుదాకా పోయి, 58 నిండనివాళ్ళను తిరిగి చేర్చుకోవాలని 1985లో తీర్పు వచ్చింది. అయివారు మళ్ళీ చేరి కొన్ని నెలలు చేసి, నిండుగా దిగిపోయారు. సన్మానం రోజున శాలువా కప్పుతుంటే, "దీన్ని మూడేళ్ళ కింద కప్పుంటే ఈపాటికి చినిగిపోయుండేది" అన్నారు. మా రాష్ట్రంలో ఇప్పుడు 62. నాకు ఇంకా గడువుంది, అదీ జూలై 1 పుణ్యమే.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకు బడి పెంకులు లేచిపోయాయి. ఎక్కడో థాయ్‌లాండ్ పక్క సముద్రంలో పుట్టి వచ్చిన గాలట, తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి ఆయన స్టాంపులు, ముద్రలు, బడి పాత రిజిస్టర్లు గంగాళంలో పెట్టి, పైన తాంబాళం మూసి అటకెక్కించారు. ఇంట్లో ధాన్యం తడిసిపోయింది. మొలగొలుకులు, ఇంటి తిండికని దాచుకున్నవి. అయివారమ్మ చాలా ఏళ్ళు ఎత్తిపొడిచింది ఆ సంగతి.

*

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడులు. అయివారికి అప్పటికి అరవై దాటాయి. బడి పంచలోనే, అదే బల్ల. పగలంతా కలుపు తీసొచ్చిన ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకొని పలకలు పట్టేవాళ్ళు. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి, శనివారాలు ఊరికి వచ్చి పోతుండేవాణ్ణి. చిత్రంగా ఆ బడిలో ఆయన ఎవర్నీ గద్దించలేదు. 'అ' తిరగబడి రాస్తే "బాగుండాదమ్మణ్ణీ, ఈ తోక మాత్రం ఇటు తిప్పు" అనేవారు. మా మీద చూపించని ఓర్పు అంతా అక్కడ చూపించారు. నాకు కొంచెం కుళ్ళు పుట్టింది కూడా.

వాచకంలో సారాయి వల్ల చెడిన ఇంటి కథ ఒక పాఠం. అది చదివిన రోజు ఎవరూ ఇంటికి లేవలేదు. కథలో ఊరి పేరు లేదు గానీ అందరికీ తమ ఇల్లే కనపడింది. అప్పట్లో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో వచ్చేది, పాల కంటే సులువుగా దొరికేది. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్ళో వర్ధినేని రోశమ్మ, మిగతా ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని వార్త వచ్చింది. మా వాళ్ళూ ఒక రాత్రి పలకలు పంచలో పెట్టి, చీపుళ్ళు పట్టుకొని పోయారు. అయివారు వెంట పోలేదు. "నేను పోతే మగాడు నడిపించాడంటారు. మీరే పోండి" అన్నారు. తిరిగొచ్చేదాకా పంచలో దీపం పెట్టుకొని కూర్చున్నారట. మర్నాడు కలెక్టరుకు అర్జీ రాయాలి. ఆయన కలం తీయలేదు. మీరే రాయండి, నేను తప్పులు చూస్తానన్నారు. తప్పులు చాలానే ఉండుంటాయి. దిద్దలేదు.

జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. తర్వాత మందు వేరే దారుల్లో మళ్ళీ వచ్చింది, ఆ కథ అందరికీ తెలిసిందే.

ఆ రోజుల్లోనే, కువైట్ ఉత్తరాలు చదివించుకోడానికి వచ్చే ఒకావిడ నాలుగు వారాలుగా రావడం లేదని, ఒంట్లో బాగలేదేమోనని అయివారే ఇంటికి పోయారు. ఆవిడ అరుగు మీద కూర్చొని, వేలు పెట్టుకొని, పెదాలు కదిలిస్తా చదువుకుంటోంది. ఈయన్ని చూసి కాగితం కొంగు కింద దాచుకుంది. "ఒక గిరాకీ పోయిందిరా" అని ఆ శనివారం నాతో చెప్పి పొట్ట పట్టుకొని నవ్వారు.

*

ఉత్తరక్రియలకు ఊరు పోయాను. బడి ఇప్పుడు పక్కా కట్టడం, పోస్టాఫీసు పంచాయతీ ఆఫీసు పక్కకు మారింది. షామియానా ముందు పెద్ద ఫ్లెక్సీ. ఆయన ఫొటో, కింద "97 సంవత్సరాలు" అని. చెరువుకట్ట కాలనీ నుంచి చాలామంది వచ్చారు. ఒకాయన రైల్వేలో రిటైరయ్యాడు, అయివారు పెట్టిన పేరుతోనే.

భోజనాల దగ్గర గొడవ మొదలైంది. అయివారి చెల్లెలు, చేతికర్రతో వచ్చి ఫ్లెక్సీ ముందు నిలబడింది. "ఎవుర్రా ఇది రాసింది? మా అన్నకు తొంభైఐదే. వాళ్ళయివారు రెండేళ్ళు ఎక్కువేసినాడు. నాకు తెలీదా?"

మనవడు నచ్చజెప్పబోయాడు. "పింఛను పుస్తకంలో, ఆధార్లో అన్నిట్లో అట్నే ఉందవ్వా. సర్టిఫికెట్టు కూడా దాని ప్రకారమే ఇచ్చారు."

"గవర్మెంటుకేం తెలుసురా? నాకు తొంభైమూడు. మా అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. లెక్క జూసుకో."

జనం నవ్వారు. మనవడు తల గోక్కొని, "నీకు తొంభైమూడని ఎవురు చెప్పారవ్వా?" అన్నాడు.

"ఇంకెవురు? రేషన్ కార్డుకు మా అన్నే గదరా రాసింది."